కానుక కవరు

తెనాలి, ఆదివారం రాత్రి

రేపల్లెలో పెద్దమ్మ కొడుకు ప్రవీణ్ ఇవాళ తొలి జీతం అందుకున్నాక దేవుడికిచ్చే కానుకను కవరులో పెట్టి చర్చిలో బల్ల మీద ఉంచాడు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. అసూయేం లేదు. ఉందేమో కూడా.

వాడు బాపట్లలో వ్యవసాయ డిగ్రీలో చేరినప్పుడు ఇంటిల్లిపాదీ జాలిపడ్డాం. నేను కంప్యూటర్స్‌లో చేరినప్పుడు మాత్రం అమ్మ వీధంతా స్వీట్లు పంచింది. ఇప్పుడు వాడు విత్తనాల కంపెనీలో ఆఫీసరు. నేను బట్టల కొట్లో బిల్లులు కొడుతున్నాను. నా మొదటి జీతం కానుక కూడా కవరులో పెట్టాను. అమ్మే ఆపేసింది. "ఇదేం ఉద్యోగమే? అసలుది వచ్చాక ఇద్దువుగాని" అంది. ఆ కవరు ఇంకా బీరువాలోనే ఉంది.

తప్పు చదువుదా అంటే, నా పక్కనే కూర్చుని అదే చదివిన షహనాజ్ హైదరాబాదులో బాగానే సంపాదిస్తోంది. అయితే తప్పు నాదా? ఆ చదువుకి ఉద్యోగం వస్తుందని ముందే ఎలా తెలిసిందిరా అని ప్రవీణ్‌నే అడిగాను.

"నాకేం తెలుసక్కా! అక్కడ సీటొచ్చింది, చేరిపోయా."

ఇంకా అయోమయంలో పడ్డాను.

చెల్లి కీర్తన ఇంజనీరింగ్‌లో బ్రాంచి ఎంచుకోవడానికి రేపే ఆఖరి రోజు. తిరిగొచ్చే రైల్లో, "ఏది పెట్టనక్కా?" అంది. "నీకేది ఇష్టమే?" అన్నాను.

"ఇష్టం సంగతి తర్వాత. ఏది చదివితే నా కవరు అమ్మ ఆపదో అది చెప్పు."

అమ్మ మా ఎదురు సీట్లోనే ఉంది. తెనాలి వచ్చేదాకా కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.