అనిల్ ఆపేసిన టాక్సీ సర్వీసు

శుక్రవారం, రాత్రి

నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల దాకా బస్సులో నిలబడి అనిల్‌ని తిట్టుకుంటూనే వచ్చాను. ఇంకా కోపం తగ్గలేదు.

కాలేజీలో నేనూ అనిలూ కలిసి చేసిన ప్రాజెక్టు డెమో ఈరోజే. మా ప్రోగ్రాంతో హోటల్లో టేబుల్, సినిమా టికెట్లు, టాక్సీ ఒకేసారి బుక్ కావాలి. ఒక్కటి కుదరకపోయినా మిగతావి రద్దయిపోవాలి. టాక్సీ బుక్ చేసే భాగం, అంటే టాక్సీ సర్వీసు, అనిల్ ల్యాప్‌టాప్‌లో, మిగతా రెండూ నా దాంట్లో పెట్టాం. టాక్సీ కోడ్ కూడా నేనే రాశానని నిన్న మా ప్రాజెక్టు గైడ్ సార్‌తో అన్నాను. నిజమే అన్నాను. అది వాడికి మండింది.

ఎగ్జామినర్ ముందు నేను బుకింగ్ నొక్కగానే వాడు తన సర్వీసు ఆపేశాడు. వాడి వేలు కదలడం చూశాను. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి.  అంతలో ప్రోగ్రాంలో రాసినట్టే టేబుల్ దానంతటదే రద్దయింది, టికెట్లూ రద్దయ్యాయి.

ఎగ్జామినర్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అందరూ బాగా నడిచేదే చూపిస్తారమ్మా. చెడితే ఏమవుతుందో మీరే చూపించారు. ఎవరి ఆలోచన?"

"నాదే సార్. కావాలనే ఆపాను," అన్నాడు అనిల్.

ఎగ్జామినర్ నావైపు చూశారు. కాదంటే మార్కులు పోతాయని నేనూ తలూపాను.

బయటికొచ్చాక వరండాలో వాణ్ణి నిలదీశాను. "ఏందిరా నువ్వు చేసింది?"

"మార్కులు చానా పడతయ్ గదా. ఇంకేందే నీ బాధ?"

సోమవారం గైడ్ సార్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. చెబితే ఇద్దరి మార్కులూ పోతాయేమో. నావి పోయినా సరే, వాడివి పోవాలి.