గరిజెల డబ్బ తాళంచెవి

పొయ్యి మీద పెసరపప్పు, చిక్కుడుకాయ కూర ఉన్నయి. ముందు కూర తినుండ్రి, అన్నం ఆఖరికి. తిన్నంక మంచం ఎక్కకుండ వాకిట్ల జరసేపు తిరుగుండ్రి. స్నానం చేసేటప్పుడు దండచెయ్యికి అంటించిన షుగర్ చూసే బిళ్లను గోకకుండ్రి, ఊడొస్తే ఫోన్‌ల షుగర్ గీత రాదు.

నిన్న కొండగట్టు నుంచి వచ్చి, "లడ్డు ప్రసాదం గదా గిరిజా, గది లెక్కలకు రాదు" అన్నరు. అంజన్న మాఫ్ చేసిండేమో గానీ ఫోన్‌ల గీత చెయ్యలే. మీరు గుట్ట దిగినంక అది గుట్ట ఎక్కింది. కానీ సాయంత్రం జర నడిచిన్రో లేదో, మళ్ల కిందికి దిగింది. మంచి గీత మీది, దిగుమంటె దిగుతది, మీ మాట తీరు గాదు.

ఒక్కన్నే పెట్టుకోనని మీరు మొండికేస్తే, తోడుకని నేను కూడ ఒక బిళ్ల అంటించుకుంటి గదా. నా గీతకు ఎక్కుడే తెలుసు, దిగుడు తెల్వది. ఎట్ల దిగుతది? మీకు షుగర్ అని తెలిసినకాడికెల్లి మీ పళ్లెంల మిగిలిన అన్నం, మీకు వద్దన్న పాయసం, పారేయబుద్ధిగాక అన్నీ నేనే తింటున్న. పథ్యం మీకు, పాయసం నాకు.

అది చూసి డాక్టరమ్మ రమ్మన్నది. జగిత్యాల బస్సుకు పోతున్న. పొద్దుమీకి వస్త. అప్పటిదాక బిడ్డకు ఫోన్ చేసి గాబరా పెట్టకుండ్రి.

మరిచిన. మీకు దొరకొద్దని తీపి గరిజెల డబ్బను అల్మారల పెట్టి తాళం ఏసిన. చెవి బియ్యం డ్రమ్ముల ఉన్నది. ఇగ నాకు దొరకకుండ దాచుడు మీ పని.