గ్రహచారిగారికి ఇవ్వాల్సిన కథ

నౌపడ, 10 ఏప్రిల్ 1948. ఉగాది.

ఉమాపతి అనే ఈ రైల్వే పార్సిలు గుమస్తా సర్వధారి సంవత్సరంలో రచయిత అవుతున్నాడు. పచ్చడి చేదు నాలిక మీద ఉండగానే నిర్ణయం జరిగిపోయింది.

మే నెల మధ్యలో బొబ్బిలిలో వింతకథల అభిమానుల సభ. చంద్రమండలం, కుజగ్రహం, మాయద్వీపాలు తప్ప మరేమీ రుచించని వాళ్ళంతా ఒకచోట చేరతారట. ఈ పిచ్చి నాకొక్కడికే ఉందనుకుని ఇన్నేళ్ళూ దాచుకున్నాను. ‘గ్రహచారి’గారు కూడా వస్తున్నారు. ఆయన కుజగ్రహం సీరియల్ వచ్చే రోజుల్లో పత్రిక కోసం పోస్టాఫీసు అరుగు మీద కాపలా కాసినవాణ్ణి నేను.

రోజూ పొద్దున్నే ఒక పేజీ. పూర్తయ్యేవరకు ఎవరికీ చెప్పకూడదు. పూర్తయ్యాక సభలో ఆయన చేతికే ఇవ్వాలి.

పార్వతీదేవికి చెప్పాను. భార్య ‘ఎవరికీ’ కిందికి రాదు. “గ్రహచారమా? పేరే అలగుంటే మనకి మంచేటి జరుగుతాది?” అంది. అంటూనే తెల్లకాగితాలు కత్తిరించి, సూదీదారంతో కుట్టి ఇచ్చింది.

11 ఏప్రిల్.

ఒక పేజీ అయింది. నాలుగుసార్లు చదువుకున్నాను. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

15 ఏప్రిల్.

చంద్రమండలానికి వెళ్ళే వాహనాన్ని వర్ణిస్తున్నాను. ఎంత తిప్పి రాసినా అది మా పర్లాకిమిడి చిన్నబండిలాగే వస్తోంది. అదే పొగ, అదే కూత. బుకింగ్ క్లర్కు జగన్నాధానికి వినిపించాను. ఒకే గదిలో పనిచేసేవాడు, పరాయివాడేం కాదు. వాడు శ్రద్ధగా విని, బండి నీళ్ళకి ఎక్కడ ఆగుతుందని అడిగాడు. ఆకాశంలో నీళ్ళ ట్యాంకు ఉండదన్నాను. అయితే బండి వెళ్ళదన్నాడు.

మళ్ళీ మొదటి నుంచి రాస్తున్నాను.

24 ఏప్రిల్.

ప్లాట్‌ఫారం అంతటికీ కథ తెలిసిపోయింది. ఉప్పు బస్తాలు ఎక్కించే వాళ్ళు కూడా, చంద్రుడి మీద దిగాక ఏమైందని అడుగుతున్నారు. చెప్పాను. ఎంత బాగా చెప్పానంటే, ఇద్దరు ముగ్గురు పని ఆపి మరీ విన్నారు. చిక్కల్లా ఒక్కటే. ఇంటికొచ్చి కలం పట్టుకుంటే, తిన్న అన్నమే మళ్ళీ తింటున్నట్టుంది.

ఈ రోజు పేజీ లేదు. నిన్నా లేదు.

3 మే.

ఎండలు. కలంలో సిరా ఎండిపోతోంది. దానికి నేనేం చేస్తాను? ఈ మధ్య కలంపేరు గురించి ఆలోచిస్తున్నాను. అదీ రాతపనే.

శ్రీకాకుళం నుంచి మామగారు సూర్యారావుగారు వచ్చారు. ఆయనది పెద్ద కిరాణా కొట్టు, కొడుకులు లేరు. ఉద్యోగం మానేసి వచ్చి కొట్టులో కూర్చోమని ఎప్పటి నుంచో అడుగుతున్నారు. ఈసారీ అడిగారు. నేను నోరు విప్పే లోపే పార్వతీదేవి అందుకుంది.

“ఆయన కథలు రాస్తారు నాన్నా. కొట్టులో కూకుంటే కుదరదు.”

తూకం మీద అనుమానం వచ్చిన బస్తాను చూసినట్టు మామగారు నన్ను చూశారు. నేను ఇంటి వాసాలు చూశాను.

రేపటి నుంచి రోజుకు రెండు పేజీలు.

13 మే.

మొత్తం మూడు పేజీలు. చంద్రమండలం బండి ఇంకా బయల్దేరలేదు. అయినా అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి గిన్నెడూ తినక్కర్లేదు కదా. గ్రహచారిగారంతటివారు మూడు పేజీలతో పోల్చుకోలేరా? ఎల్లుండి ప్రయాణం. పార్వతీదేవి చొక్కా ఉతికి, ఇస్త్రీకి కూడా ఇచ్చింది.

బొబ్బిలి, 15 మే.

విజయనగరంలో బండి మారి దిగేసరికి మధ్యాహ్నం అయింది. సెలవులకు మూసేసిన బడిలో సభ. నలభై మంది ఉంటారేమో. చంద్రుడి మీద గాలి ఉందా లేదా అని ఇద్దరు ప్లీడర్లు చేతులు ఊపుతూ వాదించుకుంటున్నారు. సాలూరు నుంచి సోములు అనే తాలూకా గుమస్తా ముఖానికి ఆకుపసరు పూసుకుని, కుజగ్రహం మనిషినంటూ వచ్చాడు. ఎవరూ నవ్వలేదు. కుజగ్రహంలో వానలు ఎలా ఉన్నాయని అడిగారు. అతను కూడా మర్యాదగా చెప్పాడు.

ముప్పై ఏళ్ళకి మా ఊరు దొరికినట్టయింది.

సాయంత్రం బండికి గ్రహచారిగారు దిగారు. బక్కపల్చని ముసలాయన. దగ్గు. ముందుగా వేడినీళ్ళు అడిగారు. నేనే పరుగెత్తి తెచ్చాను. ఆయన పరుపుచుట్ట కూడా నేనే మోశాను. ఈ పరిచయం రేపటికి పనికొస్తుంది.

బొబ్బిలి, 16 మే.

పొద్దుటి నుంచీ ఆయన వెంటే ఉన్నాను. పళ్ళపుల్ల తెచ్చాను. గొడుగు పట్టాను. కళ్ళజోడు మూడుసార్లు వెతికిపెట్టాను. కథ జేబులోనే ఉంది, చెమటకి మెత్తబడుతోంది.

భోజనాలయ్యాక గదిలో ఆయనా నేనూ మిగిలాం. ఆయన మంచం మీద ఒరిగారు, నేను విసురుతున్నాను. కళ్ళు మూసుకునే అడిగారు.

“నువ్వు కూడా ఏటైనా రాస్తావా నాయినా?”

ఈ ప్రశ్న కోసం ఉగాది నుంచి ఎదురు చూస్తున్నాను. జేబు మీద చెయ్యి కూడా వేశాను.

“లేదండి. సదువుతానంతే,” అన్నాను.

“మంచిదే. సదివేవోళ్ళు కూడా ఉండాల,” అన్నారు.

అప్పుడే సోములు తోసుకుంటూ లోపలికి వచ్చాడు, పసరు ముఖంతోనే. ముప్పై నలభై పేజీల కట్ట ఆయన చేతిలో పెట్టి, “మీరు సదివీదాకా కదల్ను బాబూ,” అన్నాడు. ఆయన విసుక్కుంటూ లేచి కూర్చున్నారు. విసుక్కుంటూనే మొదలుపెట్టారు. కాసేపటికి విసుగు పోయింది. కళ్ళజోడు సర్దుకుని రెండో పేజీ తిప్పారు, మూడోది తిప్పారు.

నేను విసురుతూనే ఉన్నాను. గాలి ఇద్దరికీ తగిలేలా విసిరాను.

నౌపడ, 17 మే.

సూపించారా అని పార్వతీదేవి అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. చేటలో బియ్యంలోని రాళ్ళన్నీ ఏరింది.

“మా ఆయన కథలు రాస్తారని నాన్నతోటి సెప్పీసినాను,” అంది ఆఖరికి. “ఇప్పుడది నేనాడిన అబద్ధమయిపోనాది.”

చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇకపై వింతకథలు రాయను. చదవను కూడా. పాత పత్రికలన్నీ అటక మీద పెట్టేశాను.

20 మే.

ఒక పత్రిక అటక దిగింది.

23 మే, ఆదివారం.

మామగారు మళ్ళీ వచ్చారు. కొట్టు మాట ఎత్తలేదు. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుని, పార్వతీదేవి వినేలాగే అడిగారు. నిజంగానే రాస్తావా అల్లుడా అని. పార్వతీదేవి వడ్డన ఆపింది.

“రాస్తానండి,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“ఏటి కథలు?”

“మనుషులు చంద్రమండలం ఎల్లే కథలు.”

నవ్వుతారనుకున్నాను. ఆయన అన్నం కలుపుతూ అడిగారు.

“అంత దూరం ఎల్లి, ఏటి సేస్తారు అక్కడ?”

ప్లాట్‌ఫారం మీద ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పాను గాని, వెళ్ళినవాడు ఎందుకు వెళ్ళాడో నేనెప్పుడూ అనుకోలేదు.

“నాకూ తెలీదండి. రాస్తే తెలుస్తాది,” అన్నాను.

“తెలిసినాక సెప్పు మరి,” అని మజ్జిగ అడిగారు. పార్వతీదేవి ఆయన కంటే ముందు నాకు పోసింది.

రేపటి నుంచి రోజుకో పేజీ. కాదు, అర పేజీ. రేపటి నుంచి కూడా కాదు. మామగారు అరుగు మీద కునుకు తీస్తున్నారు. ఆయన లేచే లోపల చంద్రమండలం వెళ్ళే మనిషిని వాడి ఇంట్లోంచి బయల్దేరదీయాలి.