ఎవరూ అప్పీల్ చెయ్యలేదు

గౌరవనీయురాలైన శ్రీమతికి,

కాలు విరిగిన అక్కగారికి సేవ చేస్తున్న నీకు, ఇక్కడ కుక్కర్‌తో పోరాడుతున్న భర్త హోదాలోనూ, మీ తమ్ముడు నడిపే క్రికెట్ హెల్మెట్ల కంపెనీకి అలంకారప్రాయమైన చైర్మన్ హోదాలోనూ తెలియజేయునది: గురువారం వ్యాపారుల సంఘంలో నా ఉపన్యాసం. విషయం, ‘మైదానం నుంచి మార్కెట్‌కు’. ప్రసంగం మీవాడే రాసిచ్చాడు. అందులో రెండు మాటలు నాకు గొంతు దిగడం లేదు.

మొదటిది ఆ ఫైనల్ సంగతి. అవతలి జట్టు క్యాచ్ అని అప్పీల్ చేసింది, అంపైర్ ఒప్పుకోలేదు. బంతి నా బ్యాటు అంచును తాకిందని నాకు తెలుసు గనుక నడిచి వచ్చేశాను. మ్యాచ్ ఓడాం, నన్ను మళ్లీ జట్టులోకి పిలవలేదు. ‘అది కుర్రతనం, వ్యాపారం నాకు లోకజ్ఞానం నేర్పింది’ అని ఇప్పుడు నవ్వుతూ చెప్పాలట. ఆనాటి నుంచి నువ్వు ఆ మ్యాచ్ ఊసెత్తలేదు. ఎందుకో అడిగే ధైర్యం నాకూ చాలలేదు.

రెండోది, ‘మా కొత్త హెల్మెట్‌కు నా తల పూచీ’ అనడం. నిన్న గోదాములో దాన్ని బల్లకు బిగించి, మెషీన్‌తో బంతి వేయించాను. ముఖానికి అడ్డుండే ఇనుప జాలీ తడిసిన అట్టలా వంగింది. బంతి సరిగ్గా ముక్కు స్థానాన్ని అలంకరించింది.

“బావా, ఇవి కొనేది స్కూలు పిల్లలు. వాళ్లకంత స్పీడు ఎవడేస్తాడు?” అన్నాడు మీవాడు.

“పిల్లలకు ముక్కులుండవట్రా?”

“రాసింది చదువు. లేదా కుర్చీ వదులుకో. అక్కతో నేను మాట్లాడుకుంటాను.”

కుర్చీ పోతే పోయింది, ఆ చివరి మాటకే కాస్త జంకాను. అయినా చదవను.

ఇట్లు,
చైర్మన్ (గురువారం వరకు)

*

శ్రీమతికి మాజీ చైర్మన్ వ్రాయునది,

సభ జయప్రదంగా ముగిసింది. ముగించింది నేనే. అధ్యక్షులవారు నేను కొట్టని సెంచరీలు రెండు నా ఖాతాలో వేయగా, సవినయంగా తీసివేయించాను. తరువాత హెల్మెట్ పైకెత్తి, “ఈ జాలీ వంగుతుంది. సరిచేసేదాకా మీ పిల్లలకు కొనకండి. దీనిమీద నా పేరుంది కనుక నేను అవుట్” అని వేదిక దిగాను.

మీవాడు వరండాదాకా పరుగెత్తుకొచ్చాడు. “నిన్నెవరైనా అడిగారా బావా? ఒక్కడైనా అప్పీల్ చేశాడా?”

“బంతి తగిలిందిరా.”

“నిన్ను బాగుచేయడం ఆ బ్రహ్మతరం కాదు!”

“ఆ ముక్క ప్రసంగంలో రాసుంటే చదివేవాణ్ణి.”

కారు కంపెనీది కనుక ఇంటికి నడిచే వచ్చాను. ఆ విద్యలో నాకు పూర్వానుభవం ఉంది. విచారం లేదు. నీకు అభ్యంతరముంటే వ్రాతపూర్వకంగా తెలుపగలవు.

ఇట్లు,
మాజీ

*

శ్రీవారికి,

వ్రాతపూర్వకంగానే తెలుపుతున్నాను. తమ్ముడు ఫోన్ చేసి, “బావ నా పరువు తీశాడక్కా” అన్నాడు. “ఆ హెల్మెట్ నువ్వు పెట్టుకుని మెషీన్ ముందు నిలబడు. మీట నేను నొక్కుతాను. తరవాత పరువు సంగతి చూద్దాం” అన్నాను. అమ్మకం ఆపాడు.

ఆదివారం వస్తున్నాను, స్టేషన్‌కు రండి. కుక్కర్ జోలికి పోకండి.

ఆ ఫైనల్ ఊసు నేనెందుకు ఎత్తలేదంటే, అందులో మాట్లాడుకోవలసిందేమీ నాకు కనబడలేదు. బంతి తగిలిందో లేదో అంత దూరాన గ్యాలరీలో కూర్చున్న నాకేం తెలుస్తుంది? మీరు తలవంచి బ్యాటు వంక చూసుకున్నారు, అంతే. మీరింకా అడుగైనా వేయకముందే నేను క్యారేజీ సర్ది లేచాను. పక్కావిడ నా చెయ్యి పట్టుకుని, “అంపైర్ అవుటివ్వలేదమ్మా, కూర్చో” అంది.

“మావారు వస్తున్నారండీ” అన్నాను.

ఇట్లు,
మీ ఇల్లాలు