పాసాంగ్ బతికున్న లోకం

తొరాజా కొండల నుంచి,

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా అని రాయలేకపోతున్నాను. మీ తమ్ముడు పాసాంగ్ ఇంకా దక్షిణపు గదిలోనే పడుకుని ఉన్నారు. మన ఆచారం ప్రకారం అంత్యక్రియలు అయ్యేదాకా చనిపోయినవారిని జబ్బుమనిషనే అనాలి కనుక, రోజూ కాఫీ పెట్టి పలకరిస్తున్నాను.

మొన్న ఊరి పెద్దలు అంత్యక్రియలకు రోజు కుదర్చడానికి వచ్చారు. అత్తయ్య వాళ్లను గడప దగ్గరే ఆపేశారు.

“నా కొడుకు బతికే ఉన్నాడు. మా పెద్దోడు బాండుంగ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసరు, వాడికంటే మీకెక్కువ తెలుసా? బతికున్నోడి పేర దున్నల్ని బలిస్తారటర్రా?” అని కసిరారు.

మీరు ఫోన్లో ఆవిడను ఓదార్చడానికే అన్నారని నాకు తెలుసు. క్వాంటమ్ సిద్ధాంతం ప్రకారం జరగగలిగినవన్నీ ఏదో ఒక లోకంలో జరుగుతాయని, మీ తమ్ముడి మోటారుసైకిలును గుద్దిన ఆ లారీ ఆయన్ని తాకకుండా వెళ్లిపోయిన లోకం కూడా ఉంటుందని చెప్పారట.

“ఎక్కడో ఉంటే మనకేం లాభం అత్తయ్యా?” అన్నాను.

“నీకేం తెలుసే, అక్కడ ఈపాటికి వాడు నీతో పోట్లాడుతుంటాడు” అని నవ్వారు.

ఆ నవ్వు విన్నప్పటి నుంచి నా మనసూ ఒకచోట నిలవడం లేదు. మలుపులో మోటారుసైకిలు చప్పుడైతే చాలు, వాకిట్లోకి పరుగెత్తుతున్నాను.

ఆ సిద్ధాంతానికి వేరే అర్థం చెప్పేవాళ్లూ ఉన్నారని, ఉన్నది ఈ ఒక్క లోకమేనని వాళ్లంటారని ఒకప్పుడు మీరే చెప్పారు. ఒక్కసారి వచ్చి ఆ మాట కూడా అత్తయ్యకు చెప్పండి. ఫోన్లో వద్దు, పక్కన కూర్చుని చెప్పండి. రెండింటిలో ఏది నిజమో నేనడగను. ఆవిడ ఏడవందే నేనెలా ఏడవను, బావగారూ?

మీ మరదలు