నీ పుస్తకానికి నా షాపు రూలు

అక్కా,

నీ కథల పుస్తకం మా షాపులో మొత్తం అయిపోయింది. ఆగు, అప్పుడే సంబరపడకు. బావగారి పార్టీవాళ్లు జీపేసుకొచ్చి కట్టలకు కట్టలు ఎత్తుకెళ్లారు. "మేడమ్ పుస్తకం షాపులో మిగిలిపోతే సార్‌కి పరువు తక్కువ" అన్నారు. వ్యాపారం కదా, నేనూ నోరు మూసుకుని ఇచ్చేశాను.

మొన్న వాళ్ల ఆఫీసుకి కవర్లు ఇవ్వడానికి వెళ్లాను. ఆ కట్టలు తాడు కూడా విప్పకుండా కూలరు కింద ఎత్తుకి పెట్టుకున్నారక్కా! ఒళ్లు మండిపోయింది.

నిన్న ఎదురింటి టైలరమ్మ, ఎవరి దగ్గరో నీ కథ ఒకటి చదివిందట, వచ్చి చిరిగిన కాపీ ఉన్నా ఇమ్మంది. "మీటింగుల్లో సార్ పక్కన నిలబడి చెయ్యూపే ఆవిడేనా? ఆవిడకి మా ఇంటి గొడవలు ఎలా తెలుసయ్యా?" అంది. నువ్వు సంతకం పెట్టిచ్చిన నా కాపీ ఆవిడకిచ్చేశాను. తిట్టుకోకు.

మళ్లీ అచ్చు వేయిస్తున్నావుగా. ఈసారి పార్టీవాళ్లకి మనిషికి ఒక్కటే ఇస్తా. రెండోది కావాలంటే మొదటి దాంట్లో ఏం చదివారో చెప్పాలి. నీకిష్టమేనా? వాళ్లు వెళ్లి బావగారికి చాడీలు మోస్తారు, నువ్వే చూసుకోవాలి మరి. ఆయనే స్వయంగా వచ్చినా నా రూలు మారదు. ఈలోపు ఆయన చేత ఒక్క కథయినా చదివించు.

నీ తమ్ముడు