ఆదివారం గడ్డంతో రా

తమ్ముడూ,

ఈ ఆదివారం గడ్డం గీసుకోకుండా రా. కారణం తెలిస్తే రావేమో, అయినా దాచను. నాన్నకు చెయ్యి వణుకుతోందని ఆయన గడ్డం కత్తి నేను పట్టాను. చెయ్యి తిరగడానికి బెలూన్లకు నురగ పూసి గీస్తున్నాను. మూడు ఢామ్మన్నాయి, నాలుగోది బతికి బయటపడింది.

"కత్తి పడుకోబెట్టి లాగమ్మా, కూరగాయలు తరగట్లేదు నువ్వు" అని కుర్చీలోంచి నాన్న ఒకటే పాఠం. "ఇక మనిషి మీద చెయ్యొచ్చు. తమ్ముణ్ణి పిలు" అన్నారు. తన గడ్డం నా చేతికిచ్చే నమ్మకం లేదన్నమాట అని ఉడుక్కున్నాను.

నిన్న సెలూన్ ఆయన ఇంటికే వచ్చి గీస్తానంటే, నాన్న పదిరోజుల గడ్డం నిమురుకుంటూ "వద్దులేవోయ్, మా అమ్మాయి నేర్చుకుంటోంది" అన్నారు.

ఆ గడ్డాన్ని ఇంకెన్నాళ్ళు ఆపి ఉంచను? తప్పకుండా రా. గాటు పడితే రాయడానికి పటిక కొనిపెట్టాను.

నీ అక్క